బిగించావా, వదులు చేశావా

రిచ్‌మండ్ హిల్
నవంబరు 3, 2019

ఎలియాజరుకి,

బాగున్నావా అని అడగడం లేదు. బాగుండకూడదనే ఇరవై ఎనిమిదేళ్లుగా కోరుకుంటున్నాను.

నేను అమరేశ్వరరావుని. ఐటీఐలో నీ పక్క బల్ల. నువ్వు సరదాకి సైకిల్ ముందు చక్రం నట్లు వదులు చేస్తే, వంతెన దిగుడులో పిట్టగోడకి కొట్టుకుని దవడ మూడు ముక్కలైనవాణ్ని. రెండు నెలలు గొట్టంతో గంజి తాగినవాణ్ని. ఇక్కడ మైనస్ ఇరవై వచ్చిన ప్రతి రోజూ దవడలో వేసిన లోహపు పట్టీ చల్లబడి నీ పేరు చెబుతుంది. టొరంటో ఆఫీసులకి పోయే రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి, చెంప పట్టుకుని నిన్ను తిట్టుకుంటూ ఉంటాను. పక్కవాళ్లు నాకు పన్ను నొప్పి అనుకుంటారు.

మిల్టన్‌లో ఒక పెళ్లిలో మీ అక్క బాలకుమారి గారు కనిపించి నీ సంగతి చెప్పారు. ఈ దేశానికి ఆ చివర, సర్రీలో ఉంటున్నావట. కొండ దగ్గర స్కీల దుకాణంలో తొమ్మిదేళ్లుగా రిపేరు బల్ల నీదేనట. నీ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చిన మహానుభావుడెవరో ఆయనకి నా దణ్ణం చెప్పు.

అవసరం పడింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మాయి రిషితకి ఇరవై మూడేళ్లు. ఉద్యోగం మీద సర్రీ వచ్చింది. నాతో మాట్లాడేది తక్కువ. ఫోను చేస్తే "బిజీ, నాన్నా" అంటుంది. దానికి స్కీల పిచ్చి. ఇప్పుడు ట్విన్ టిప్ స్కీలు కావాలట. మొగల్స్ మీద, చెట్ల మధ్య, పార్కులో, మూడింటికీ పనికిరావాలట. పార్కు అంటే ఉయ్యాలలుండేది అనుకున్నాను. అది పంపిన వీడియో చూశాక అన్నం సయించలేదు.

ఏవి కొనాలో రాయి. ఫోను చెయ్యకు. నీ నవ్వు వినబడితే ఫోను గోడకేసి కొడతాను. కాగితం మీద, సంతకంతో రాయి. రేపు నా కూతురికి ఏమన్నా అయితే ఆ కాగితం కోర్టులో పెట్టి నిన్ను లోపల వేయించాలి.

అమరేశ్వరరావు


సర్రీ
నవంబరు 12

ఒరేయ్ అమరేశ్వరా,

నీ కవరు తెరిచేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను, టిక్కుటిక్కు అంటుందేమోనని. అనలేదు. తిట్లే ఉన్నాయి. అవి కూడా మార్జిను వదిలి, అక్షరాలు గుండ్రంగా రాసి తిట్టావు. ఐటీఐ పాసైనవాడివి కదా. నేను పరీక్షల రోజున మీ అన్నలు చేసిన సన్మానం వల్ల బోర్లా పడుకుని ఉన్నాను. నీకు దవడలో పట్టీ ఉంటే నాకు వీపు నిండా సైకిల్ గొలుసు అచ్చుంది. కరెంటు స్తంభానికి కట్టేసి, ముగ్గురూ వంతులేసుకుని కొట్టారు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు మంచినీళ్లు తాగి వచ్చాడు, నాకు మాత్రం ఇవ్వలేదు. కుడి చిటికెనవేలు ఇప్పటికీ వంగదు. టీ కప్పు పట్టుకుంటే దొరగారి వేలులా నిటారుగా నిలబడుతుంది. నువ్వు నా మీద కేసు పెట్టలేదు. మేం పెడితే స్టేషన్లో ఎవరి మాట చెల్లుతుందో మా నాన్నకి తెలుసు, అందుకని ఆయనా పెట్టలేదు. అక్కడికి ఆపుదాం.

ఇక స్కీలు. జడ్జి గారికి కూడా అర్థమయ్యేట్టు రాస్తున్నాను.

మామూలు స్కీకి ముందు మొన ఒక్కటే బాగా పైకి వంగి ఉంటుంది. ట్విన్ టిప్‌కి వెనక మొన కూడా వంగి ఉంటుంది, పడవకి రెండు కొమ్ములున్నట్టు. పార్కులో మంచు దిబ్బ మీంచి గాల్లోకి లేచి, గిరగిరా తిరిగి, వెనక్కి జారుతూ దిగుతారు. వెనక మొన వంగి లేకపోతే అది మంచులో గుచ్చుకుని మనిషి నాటిన వరి మొక్కలా అక్కడే నిలబడతాడు, తలకిందులుగా. పార్కులో ఇనప కమ్ములు కూడా ఉంటాయి, వాటి మీద అడ్డంగా జారాలి. కమ్మి మీద పక్కటెముకలు పడ్డ చప్పుడు ఒకసారి విన్నాను. ఎండు కొబ్బరిమట్ట విరిచినట్టుంటుంది.

మొగల్స్ అంటే వాలు మీద వరసగా మంచు గుట్టలు, గేదెల మంద పడుకున్నట్టు. ఒక్కోటీ మోకాలిని రోకలితో దంచుతుంది. అక్కడ చటుక్కున తిరగాలి, స్కీ సన్నగా ఉండాలి. చెట్ల మధ్య లోతు మంచు, అక్కడ వెడల్పు లేకపోతే మునుగుతుంది. చెట్టు ఎవరికీ దారి ఇవ్వదు, హారన్ కొట్టినా ఇవ్వదు. పోయినేడు ఒకడి హెల్మెట్ నా బల్ల మీదికొచ్చింది, రెండు చిప్పలై. లోపల వెంట్రుకలు, చర్మం కూడా ఉన్నాయి. నేనే కడిగాను.

మీ అమ్మాయి అడిగేది ఒకే గిన్నెలో చేపల పులుసు, పాయసం, ఉప్మా. మూడూ అద్భుతంగా రావు. మూడూ మాడకుండా ఉంటే చాలు. పాదం కింద తొంభై మిల్లీమీటర్ల వెడల్పు చాలు. నిలబెడితే నుదుటి దాకా రావాలి, తల దాటకూడదు. మరీ కర్రలా బిగుసుకుపోకూడదు, మరీ అప్పడంలా వంగకూడదు. బూటు స్కీ నడిమధ్యకి రెండు మూడు వేళ్లు వెనగ్గా ఉండాలి.

కానీ ప్రాణం ఉండేది స్కీలో కాదు, బైండింగులో. బూటుని స్కీకి పట్టి ఉంచేది అదే. దానికో స్క్రూ, పక్కన అంకెలు. పడ్డప్పుడు అది ఊడాలి. బిగువైతే స్కీ ఊడదు, కాలు ఊడుతుంది. వదులైతే ఊడకూడని చోట ఊడుతుంది, మనిషి తిన్నగా చెట్టులోకి పోతాడు. ఆ అంకె మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడుగు, ఆట తీరు చూసి పెట్టాలి. కాబట్టి పిల్ల బరువు నిజం రాయి. మనవాళ్లు పెళ్లి బయోడేటాలో రాసే బరువు కాదు, త్రాసు చెప్పే బరువు.

సంతకం వంకరగా ఉందంటే ఆ వేలు అడ్డం వచ్చింది. కోర్టులో ఆ సంగతి కూడా చెప్పు.

ఎలియాజరు


రిచ్‌మండ్ హిల్
నవంబరు 21

ఎలియాజరుకి,

హెల్మెట్ సంగతి రాయకుండా ఉండాల్సింది. సూర్యకుమారి చదివింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. ఆమె ఎవరో నీకు తెలుసు. ఆ రోజు వంతెన అవతల కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నదీ, నా దవడ వేలాడటం చూసి కూడా నన్ను చేసుకున్నదీ ఆమే.

కొలతలు అడిగావు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. బరువు యాభై రెండు కిలోలు. అవును, బయోడేటాలోదే. త్రాసు బరువు నాకు తెలుసు, నీకు రాయను. ఎందుకో విను.

నేను వద్దంటే అది వినదు. కొండే వద్దనాలి. ఆ స్క్రూని యాభై రెండు కిలోలకి పెట్టు, అక్కణ్నుంచి ఇంకో గీత కిందికి దించు. రెండు మలుపులకోసారి స్కీ ఊడుతుంది. ఊడినప్పుడల్లా అందరి ముందూ కూలబడి వెతుక్కుని తొడుక్కోవాలి. రెండు వారాల్లో విసుగెత్తి మానేస్తుంది. మెత్తటి మంచే కదా, నాలుగుసార్లు పడితే ఏం కాదు. ఎవరన్నా అడిగితే తండ్రి రాసిచ్చిన బరువు ప్రకారం పెట్టానని చెప్పు.

ఇది నా చేత్తోనే రాస్తున్నానా అని నాకు అసహ్యంగానే ఉంది. కానీ నా దవడ విరిగిన చప్పుడు వీధిలోవాళ్లు విన్నది వేరు, నేను లోపలినుంచి విన్నది వేరు. ఆ చప్పుడు నా కూతురు తన ఒంట్లోంచి వినకూడదు.

వదులు చెయ్యడంలో నిన్ను మించినవాడు లేడు. అప్పుడు నేను అడక్కుండా చేశావు. ఇప్పుడు అడుగుతున్నాను, చెయ్యి. మన పాతదంతా అక్కడితో చెల్లిపోతుంది.

ఈ ఉత్తరం చించెయ్యి.

అమరేశ్వరరావు


సర్రీ
డిసెంబరు 2

అమరేశ్వరరావుకి,

నిన్న మీ అమ్మాయి దుకాణానికి వచ్చింది. నాన్న చెప్పిన అంకుల్ అన్నమాటే గానీ నేనెవరో తనకి తెలియదు. నీ ముక్కే వచ్చింది పాపం. నీ నోరు రాలేదు, నవ్వుతుంది.

స్కీలు ఎంచాం. ఎర్రవి, నుదుటి దాకా వచ్చేవి. నువ్వు పంపిన కాగితం బల్ల మీద పెట్టుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాను. పక్కనే నిలబడి చూస్తోంది.

"వాట్ డస్ దట్ స్క్రూ డూ, అంకుల్?" అంది.

"మీ నాన్నని అడగమ్మా. బాగా తెలిసిన మనిషి" అన్నాను.

నువ్వు చెప్పిన అంకెకే పెట్టాను. ఇంకో గీత కిందికి దించాను. పద్నాలుగో తేదీ శనివారం కొండెక్కుతుందట, మొగల్స్ మీద మొదలుపెట్టి చెట్లలోకి దిగుతుందట.

ఉత్తరం చించలేదు.


రిచ్‌మండ్ హిల్
డిసెంబరు 14

ఒరేయ్ దుర్మార్గుడా,

నేను చెబితే మాత్రం చేస్తావా. కడుపుకి అన్నమేనా నువ్వు తినేది. భయపడ్డ తండ్రి ఏదో కూస్తాడు, పనిముట్టు పట్టుకున్నవాడు బుద్ధి వాడాలి. ఇరవై ఎనిమిదేళ్లలో నీలో మారింది ఒక్క వేలేనా.

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి ఫోను పట్టుకునే ఉన్నాను. మీ దుకాణానికి మూడుసార్లు ఫోను చేశాను. నీ గొంతు వినకూడదని ఒట్టు పెట్టుకున్నవాణ్ని, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి చేశాను. మూడుసార్లూ ఎవరో అమ్మాయి ఎత్తి, ఎలియాజరు ఫోను దగ్గరికి రాడు అంది. రాడట. నా కూతురి కాళ్లు నీ బల్ల మీద పెట్టి నువ్వు ఫోను దగ్గరికి రావట.

రిషితకి చేశాను. "నాన్నా, దే ఆర్ అమేజింగ్. థాంక్యూ" అంది. ఎన్నాళ్లకో నాకు థాంక్యూ చెప్పింది. స్క్రూ వదులుగా ఉందమ్మా అని చెప్పాలి. నీకెలా తెలుసు అంటుంది. చెబుదామని నోరు తెరిచాను. దవడ పట్టేసింది. "వెళ్లకమ్మా" అని మాత్రం వచ్చింది.

"యూ ఆల్వేస్ సే దట్" అని పెట్టేసింది.

ఇవాళ మధ్యాహ్నం ఫొటో పంపింది. ముక్కు ఒక పక్కకి ఒరిగింది. కింది పెదవి చీలింది. గడ్డం కింద రక్తం కాలవ కట్టి, కోటు మీంచి మంచులోకి దిగి, అక్కడ ఎర్రగా గుంట పడింది. ఆ గుంట పక్కన నవ్వు బొమ్మ పెట్టి పంపింది. అంతే. తరవాత ఫోను ఎత్తడం లేదు. ముక్కు ఒక్కటేనో, వెన్నుపూస కూడానో, నాకు తెలియదు.

విను. దానికి కాలో చెయ్యో పోయిందని తెలిస్తే విమానం దిగి నేరుగా మీ దుకాణానికి వస్తాను. ఈసారి మా అన్నలు అక్కర్లేదు. నీ బల్లకి ఇనుము బిగించే వైస్ ఉంటుంది కదా, అందులో నీ చేతులు పెట్టి బిగిస్తాను. వేళ్లు ఒక్కొక్కటీ పుటుక్కుమనే దాకా బిగిస్తాను, చిటికెనవేలుతో సహా. నువ్వు అరుస్తుంటే వింటాను. ఆ తరవాత వైస్ పిడి నీ మోచేతికి తగిలించి నా చేతులు పెడతాను, నన్నూ బిగించు. చెప్పింది నేను.

బిగించావా, వదులు చేశావా. ఇప్పుడైనా నిజం రాయి. ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను. జవాబుకి అడ్రసు రాసిన కవరు లోపలే ఉంది.

అమరేశ్వరరావు


సర్రీ
డిసెంబరు 18

ఒరేయ్ అమరేశ్వరా,

బిగించాను. ఎంత ఉండాలో అంతకి. డిసెంబరు రెండున నీకు రాసింది అబద్ధం. దాని కింద సంతకం లేదు, చూసుకో. నేను ఎన్ని వెధవ పనులు చేసినా అబద్ధం కింద సంతకం పెట్టను.

నీ కాగితం బల్ల మీద పెట్టుకున్నమాట నిజమే. దాని మీద నా టీ కప్పు పెట్టాను. మీ అమ్మాయిని త్రాసు ఎక్కించాను. అరవై ఏడు. "డోంట్ టెల్ మై డాడ్" అంది. చెప్పనన్నాను, ఇప్పుడు చెబుతున్నాను. అంకె ఆరు వచ్చింది. ఆరుకే పెట్టి, మిషను మీద రెండుసార్లు తిప్పి పరీక్ష చేశాను, సరిగ్గా ఊడింది. దుకాణం కాగితం మీద తను సంతకం పెట్టింది, నేను పెట్టాను. నకలు ఇందులో ఉంది. తేదీ చదువుకో, డిసెంబరు ఒకటి.

ఇక పడటం సంగతి. పడ్డ రోజే, ముక్కులో దూది కుక్కుకుని, స్కీ అంచు రాయికి తగిలి లేచిపోయిందని నా దగ్గరికే తెచ్చింది. మొగల్స్ మూడో వరసలో గుట్ట ఎదురు తన్నితే తన మోకాలే తన ముక్కుకి తగిలిందట. ముక్కు విరిగింది అక్కడే. కళ్లు బైర్లు కమ్మి, పక్కకి దొర్లి, చెట్లలోకి పోయింది. ఎడమ స్కీ రెండు లేత చెట్ల మధ్య ఇరుక్కుంది. ఒళ్లు ముందుకి పోతోంది, స్కీ రావడం లేదు, కాలు బట్ట పిండినట్టు మెలిపడుతోంది. అప్పుడు ఊడింది. కాలు దక్కింది. పెద్ద చెట్టు బోదెకి వీపు తగిలి ఆగింది, పెదవి పంటి కింద పడి చీలింది. నువ్వు చెప్పిన అంకెకి పెట్టి ఉంటే మొదటి గుట్ట మీదే ఊడేది. ఒంటి కాలి మీద, పట్టు లేకుండా, అంత వేగంతో, తల ముందుగా అదే చెట్టుకి పోయేది. నేను ఇంకో హెల్మెట్ కడిగేవాణ్ని.

ముక్కు డాక్టరు సరిచేశాడు. మనిషి దివ్యంగా ఉంది. రక్తమంతా తుడుచుకుని, మొదటి మాటే "వెన్ కెన్ ఐ గో బ్యాక్?" అంది. నా చిటికెనవేలు చూసి ఏమైందంది. సైకిల్ గొలుసులో ఇరుక్కుంది అన్నాను.

మరి నీకు అబద్ధం ఎందుకు రాశాను. నీ నవంబరు ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తరవాత మళ్లీ చదివాను. మెత్తటి మంచే కదా, నాలుగుసార్లు పడితే ఏం కాదు అని రాశావు. అవి నావిరా. ఆ రోజు సైకిళ్ల షెడ్డు దగ్గర నట్లు తిప్పుతూ నాకు నేను చెప్పుకున్న మాటలు. నువ్వు షెడ్డు ముందే దబ్బున పడతావు, మెత్తటి మట్టే కదా, అందరం నవ్వుతాం. నువ్వు సూర్యకుమారి గారికి కనబడాలని వంతెన వైపు తిప్పుతావని నాకు తెలియదు.

నీ వెనకాల పరిగెత్తాను. చెప్పు తెగితే వదిలేసి ఉత్తకాలితో పరిగెత్తాను. "ఆగరా, చక్రం ఊడుతుంది" అని గొంతు చిరిగేలా అరిచాను. నువ్వు వెనక్కి చూసి నవ్వి, ఇంకా గట్టిగా తొక్కావు. తొక్కవా మరి. అంతకు ముందు వారమే "ఆగరా, పాము" అని అరిచి నిన్ను కాలవలోకి దూకించినవాణ్ని. స్తంభానికి కట్టినప్పుడు ఇదే చెప్పాను. గొలుసు పడ్డప్పుడల్లా చెప్పాను. మీ పెద్దన్న నమ్మలేదు. నేనైతే నేనూ నమ్మను.

అందుకని నువ్వు కూడా అరవాలనుకున్నాను. ఎవరూ వినకుండా, మూడుసార్లు. ఒక వదులు స్క్రూ కడుపులో పెట్టుకుని నువ్వు ఆ శనివారం దాకా తిరగాలనుకున్నాను. ఫోను మోగిన ప్రతిసారీ నేను బల్ల దగ్గరే ఉన్నాను. చేతులు జేబులో పెట్టుకున్నాను. నాలుగోసారి మోగితే ఎత్తేవాణ్ని. నువ్వు చెయ్యలేదు.

చర్చిలో వారం వారం క్షమించమని అడుగుతాను. రోజూ తాగే టీలా అదొక అలవాటు అయిపోయింది. నిన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, రెంటికీ, అప్పటిదానికీ ఇప్పటిదానికీ.

నీ నవంబరు ఉత్తరం తిప్పి పంపుతున్నాను. చించాలంటే నువ్వే చించుకో.

ఎలియాజరు


రిచ్‌మండ్ హిల్
డిసెంబరు 27

ఎలియాజరూ,

కవరు నాకంటే ముందు సూర్యకుమారి తెరిచింది. నీ ఉత్తరం, నా ఉత్తరం, రెండూ చదివింది. "ఆ వెధవే నయం" అని నీ మెప్పు నాకు వినిపించి, నాతో మాట్లాడటం మానేసింది.

రిషితకి ఫోను చేసి మొత్తం చెప్పాను. దవడ పట్టేసినా ఆగి, రుద్దుకుని, మళ్లీ చెప్పాను. ఇంగ్లీషులో చాలాసేపు తిట్టింది, సగం అర్థం కాలేదు. బయోడేటాలో బరువు కొట్టేసి అరవై ఏడు అని రాశాను. అది ఇంకా నన్ను క్షమించలేదు. స్కీలు మాత్రం మానలేదు.

నువ్వు ఒకటి రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. ఆ రోజు నువ్వు అరవడం నేను విన్నాను. వెనక్కి చూసినప్పుడు నీ మొహం చూశాను. నవ్వుతూ లేదు. ఉత్తకాలితో ఉన్నావు. అయినా తొక్కాను, ఆమె చూస్తోందని.

ఆసుపత్రిలో మా పెద్దన్న మంచం మీదికి వంగి అడిగాడు, "వాడు ఆపమని అరిచానంటున్నాడు, నిజమేనా" అని. అప్పటికి నిన్ను స్తంభానికి కట్టి ఉంచారు, గొలుసు ఇంకా చేతికి తీసుకోలేదు. నా దవడ కట్టేసి ఉంది. మాట్లాడనక్కర్లేదు, తల ఊపితే చాలు. అడ్డంగా ఊపాను.

జనవరి పదకొండున సర్రీ వస్తున్నాను. వచ్చేటప్పుడు సైకిల్ గొలుసు ఒకటి తెస్తాను. స్తంభం నువ్వే చూసి ఉంచు, నా వీపుకి నువ్వెన్ని అనుకుంటే అన్ని. నా ముందు మా అమ్మాయి ఉంటుంది, అది చూసినా సరే. కానీ ముందు నీ దవడ పగలగొట్టక తప్పదు. ఇరవై ఎనిమిదేళ్లుగా దానికి మాట ఇచ్చుకుంటూ వచ్చాను.

ఏ వైపు నములుతావో ముందే రాయి. ఆ వైపు వదిలేస్తాను.

అమరేశ్వరుడు